పాత బైక్ ఇంజన్ నుంచి ఆయిల్ కారుతోందా? లీక్ ఆపే బాటిల్ పోసేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

బండి తీసిన చోట నేల మీద నల్ల మరక. మర్నాడు మళ్ళీ అక్కడే ఇంకొకటి. షాపుకెళ్తే ఆయిల్ డబ్బాల పక్కనే ఓ చిన్న బాటిల్ ఉంటుంది. ఇంజన్ విప్పక్కర్లేదు, ఆయిల్లో పోస్తే చాలు, లీకు ఆగిపోతుందని దాని మీద రాసుంటుంది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు దాటిన బైకులు నడిపేవాళ్ళు ఈ బాటిల్ గురించి అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

ఒక్క ముక్కలో చెప్పండి: పోయొచ్చా, పోయకూడదా?

మన దగ్గర తిరిగే పాత బైకుల్లో చాలావాటికి అవసరం లేదు. ఆ బాటిల్ పనిచేసేది ఒకే రకం లీకు మీద, అంటే వయసుతో గట్టిపడిన రబ్బరు ఆయిల్ సీలు (షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) మీద. పేపర్ ప్యాకింగ్ చిరిగినా, డ్రెయిన్ నట్టు మరలు పోయినా, షాఫ్టు అరిగినా, కవరు వంకరపోయినా అది చేసేదేమీ లేదు. పైగా బైకుల్లో క్లచ్ కూడా ఎక్కువగా ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. సీలు కోసం పోసిన మందు క్లచ్ ప్లేట్లకూ పడుతుంది. ఎక్కువగా కారే సీళ్ళేమో ఇంజన్ దించకుండా బయటినుంచే మార్చగలిగేవి, సీలు రేటు చాలావరకు బాటిల్ రేటు కంటే తక్కువ. మినహాయింపులు ఉన్నాయి, కింద చెప్తాను.

అసలు ఆ బాటిల్లో ఏముంటుంది?

అన్నీ ఒకటి కావు. మొదటి రకం రబ్బరును ఉబ్బించేది. ఎస్టర్ల లాంటి రసాయనాలు గట్టిపడ్డ రబ్బరులోకి ఇంకి, దాన్ని మెత్తబరిచి, కాస్త ఉబ్బేలా చేస్తాయి. ఉబ్బిన సీలు అంచు షాఫ్టును మళ్ళీ ఆనుకుంటుంది. పనిచేసేది ఏదైనా ఉందంటే ఇదే.

రెండో రకం ఆయిల్‌ని చిక్కబరిచేది. తీగలు సాగే పాలిమర్లు కలిపి ఉంటారు. దీంతో లీకు ఆగదు, నెమ్మదిస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైన హెడ్డు దాకా చేరడం కూడా అంతే నెమ్మదిస్తుంది.

మూడో రకంలో సన్నటి నలుసులో, పీచో ఉండి కన్నాన్ని పూడుస్తాయి. రేడియేటర్ లీకులకి వాడే పద్ధతి ఇది. దీన్ని ఇంజన్ ఆయిల్లోకి మాత్రం రానివ్వకండి. స్ప్లెండర్ తరహా ఇంజన్లో ఆయిల్ పంపు దగ్గర ఓ జల్లెడ, క్రాంకుతో (పిస్టన్ తిప్పే షాఫ్టు) పాటు గిర్రున తిరుగుతూ మడ్డిని పట్టి ఉంచే ఫిల్టరు, అక్కణ్ణించి పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా సన్నటి దారులు ఉంటాయి. లీకయ్యే సందును పూడ్చగలిగిన నలుసుకి ఆ దారిని పూడ్చడం ఓ లెక్క కాదు. కొనేముందు బాటిల్‌ని తలకిందులు చేసి చూడండి. అడుగున మడ్డిలా పేరుకుని ఉంటే అక్కడే పెట్టేసి రండి.

రబ్బరు సీలు ఎందుకు పాడవుతుంది? బాటిల్ ఎంతవరకు బాగుచేస్తుంది?

మార్చిన పాత సీలుని పారేయకుండా చేతిలోకి తీసుకుని చూడండి. బయట గట్టి రింగు, లోపలివైపు పల్చటి రబ్బరు అంచు, ఆ అంచు వెనక దారమంత సన్నటి స్ప్రింగు గుండ్రంగా చుట్టి ఉంటుంది. ఆ అంచు షాఫ్టును పట్టుకునే చోటే ఆయిల్ ఆగాలి. కొత్త సీలు అంచును గోరుతో నొక్కితే లొంగి, వదలగానే వెనక్కి వస్తుంది. పాతది ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది, అంచు చుట్టూ అరిగి నున్నబడిన గీత కనిపిస్తుంది. కొన్నింటికి సన్నటి పగుళ్ళు కూడా ఉంటాయి.

బైకుల్లో ఎక్కువగా వాడేది నైట్రైల్ రబ్బరు. ఏళ్ళ తరబడి వేడికి, ఆయిల్‌కి అందులో మెత్తదనాన్నిచ్చే పదార్థం కరిగిపోతుంది. రబ్బరు బిగుసుకుని, కాస్త కుంచించుకుపోతుంది. ఆ మెత్తదనాన్నే బాటిల్ కొంతవరకు తిరిగి ఇస్తుంది. అరిగిన రబ్బరు మళ్ళీ పెరగదు, పగులు అతుక్కోదు, ఊడిన స్ప్రింగు వెనక్కి వచ్చి కూర్చోదు. ఇంకో సంగతి, ఉబ్బడానికి ఓ హద్దు ఉంది. అది దాటితే రబ్బరు మరీ మెత్తబడి షాఫ్టు రాపిడికి తొందరగా చిరుగుతుంది. అందుకే ఒక బాటిల్‌తో తగ్గలేదని రెండోది పోసేవాళ్ళకి తరవాత ముందున్నదానికంటే పెద్ద లీకే మిగలొచ్చు.

ఇంజన్ కిందంతా నూనే. లీకు ఎక్కడిదో ఎలా తెలుసుకోవాలి?

ఈ పని చేయకుండా బాటిల్ కొనడమంటే జ్వరం దేనికొచ్చిందో చూడకుండా మందులషాపులో మాత్ర అడగడమే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక కిరోసిన్ లేదా డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో ఇంజన్ని, చైన్ స్ప్రాకెట్ కవరు లోపల గడ్డకట్టిన మడ్డిని శుభ్రంగా రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్ వాడి గన్‌ని సీళ్ళకి గురిపెట్టి కొట్టించకండి, ఆ ప్రెషర్‌కి నీళ్ళు సీలు దాటి లోపలికి పోతాయి. తరవాత ఇంట్లో ఉండే టాల్కమ్ పౌడర్ అనుమానమున్న చోట్లన్నింటి మీద చల్లండి. ఓ పది, ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద తడి గీత స్పష్టంగా కనబడుతుంది.

చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆయిల్ కిందికి జారుతుంది, నడిచేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి కింద చుక్క పడే చోటే లీకున్న చోటు కానక్కర్లేదు. తడిసిన జాగాలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే మొదలు. టాపెట్ కవర్ రింగు దగ్గర మొదలైన లీకు ఫిన్నుల మీదుగా జారి డ్రెయిన్ నట్టు దగ్గర చుక్కవుతుంది. పాపం ఆ నట్టుని బిగించీ బిగించీ మరలు పోగొడతారు.

సీలు అనుకునేముందు ఇంకో రెండు చూడండి. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయిందా? పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్ కేసులో (క్రాంకు ఉండే కింది పెట్టె) గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ గాలికి దారి లేకపోతే మంచి సీళ్ళ పక్కనుంచి కూడా ఆయిల్‌ని తోసుకుంటూ బయటికొస్తుంది. రెండోది, ఆయిల్ ఎక్కువైందా? డబ్బా లీటరుది, ఇంజన్‌కి పట్టేది అంతకంటే తక్కువ, మిగిలింది వేస్ట్ ఎందుకని మొత్తం పోసేస్తుంటారు. ఈ రెండూ పైసా ఖర్చు లేకుండా సరిదిద్దుకోవచ్చు.

మా స్ప్లెండర్‌కి గేర్ రాడ్డు దగ్గర చెమ్మగా ఉంటోంది. ఇంజన్ దించాల్సిందేనా?

అక్కర్లేదు. గేర్ రాడ్డు సీలు, కిక్ రాడ్డు సీలు, ముందు స్ప్రాకెట్ వెనకుండే సీలు, ఈ మూడే పాత బైకుల్లో తరచూ కారేవి. చాలా మోడళ్ళలో మూడూ బయటినుంచే మారతాయి. గేర్ పెడల్ తీసి, పాత సీలుని సన్నటి కొక్కెంతో లాగేస్తారు. స్క్రూడ్రైవర్‌తో లాగితే షాఫ్టుకి గీత పడుతుంది, ఆ గీత మీద కొత్త సీలు కూడా నిలవదు. కొత్తది ఎక్కించేముందు షాఫ్టు పళ్ళ మీద పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, సీలు అంచుకి ఆయిల్ రాసి తొడిగితే పళ్ళకి అంచు చిరగదు. తరవాత సీలు సైజుకి సరిపోయే సాకెట్ పెట్టి, వంకర పోకుండా నాలుగు వైపులా సమంగా తట్టాలి. మీ మెకానిక్ పాలిథిన్ చుట్టాడంటే పనిమంతుడే, ఇంకో చోటికి పోకండి.

పాత సీలు తీశాక షాఫ్టు మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ షాఫ్టు అరిగి గాడి పడిందన్నమాట. కొత్త సీలు అంచు సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటే లీకు మళ్ళీ మొదలవుతుంది. చోటుంటే సీలుని ఓ మిల్లీమీటరు ఇవతలికి ఆపితే అంచు అరగని భాగాన్ని పట్టుకుంటుంది. ఇది పాత మెకానిక్‌లకి బాగా తెలిసిన కిటుకు.

స్ప్రాకెట్ సీలు మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ పోతుంటే చైన్ చూడండి. చైన్ మరీ బిగుతుగా ఉంటే షాఫ్టును ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, బేరింగు అరుగుతుంది, షాఫ్టు ఊగుతుంది. ఊగే షాఫ్టుకి ఏ సీలూ ఆగదు.

బాటిల్ పోస్తే క్లచ్‌కి నిజంగా ఏమవుతుంది? భయపెడుతున్నారా?

కారులో క్లచ్ పొడిగా, ఇంజన్ ఆయిల్‌కి దూరంగా ఉంటుంది. బైకుల్లో చాలావరకు ఇంజన్, గేర్లు, క్లచ్ మూడింటికీ ఒకే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లో తడుస్తూనే ఒకదాన్నొకటి జారకుండా పట్టుకోవాలి. ఆయిల్ ఎక్కువ జారుడుగా ఉంటే ఆ పట్టు పోతుంది. అందుకే బైకుల ఆయిల్‌కి జపాన్ వాళ్ళ జాసో ప్రమాణం వేరుగా ఉంది. గేరు బైకులకి డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉండాలి. 2006లో దాన్నే ఎంఏ1, ఎంఏ2 అని విడగొట్టారు. వీటిలో ఎంఏ2 క్లచ్‌కి పట్టు ఎక్కువిచ్చేది. ‘ఎంబీ’ అంటే జారుడు ఎక్కువున్నది, క్లచ్ ఆయిల్లో మునగని స్కూటర్లకి.

మీరు ఎంఏ2 ఆయిల్ పోసి, దాంట్లో ఏ పరీక్షా దాటని ఇంకో ద్రవం కలిపితే అది ఇక ఎంఏ2 కాదు. ప్రతి బాటిలూ క్లచ్‌ని చెడగొడుతుందని నేననను. కొన్నింటిలో జారుడు పెంచేది ఏమీ ఉండదు. కానీ తయారుచేసేవాళ్ళే కొందరు లేబుల్ మీద ‘వెట్ క్లచ్ (ఆయిల్లో మునిగే క్లచ్) ఉన్న బైకులకు వాడొద్దు’ అని రాస్తారు, అదేమో బాటిల్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. బైకులకి పనికొస్తుందని స్పష్టంగా రాయనిదాన్ని పనికిరానిదిగానే లెక్కేయండి.

క్లచ్ జారడం మొదలైందో లేదో టాప్ గేరులో తెలుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ గోల పెరుగుతుంది, స్పీడ్ మాత్రం పెరగదు. అలా అయితే ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయండి. కొన్నిసార్లు ప్లేట్లు కోలుకుంటాయి. లేదంటే క్లచ్ ప్లేట్ల సెట్టు మార్చాలి, అది ఆయిల్ సీలు ఖర్చుకి ఎన్నో రెట్లు.

కారుకి తెచ్చిన బాటిల్లో సగం మిగిలింది. బైకులో పోసేద్దామా?

వద్దు. ఆ బాటిల్ నాలుగైదు లీటర్ల ఆయిల్‌ని లెక్కలో పెట్టుకుని నింపింది. వంద సీసీ బైకులో ఉండే ఆయిల్ లీటరు లోపే. సగం బాటిల్ అంటే కూడా మోతాదు రెండింతలు దాటిపోతుంది.

బుల్లెట్ అన్నాక ఆయిల్ కారాల్సిందే అంటారు. నా పాత బుల్లెట్‌కి ఈ బాటిల్ పనికొస్తుందా?

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలుపెట్టిన బుల్లెట్, 2009 ప్రాంతంలో యూసీఈ ఇంజన్లు (ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండేవి) వచ్చేదాకా దాదాపు అదే నిర్మాణంతో నడిచింది. ఆ క్యాస్ట్ ఐరన్ ఇంజన్లో ఇంజన్ వేరు, ఎడమవైపు క్లచ్ ఉండే ప్రైమరీ చైన్ కేసు వేరు, గేర్‌బాక్స్ వేరు. మూడింటికీ మూడు వేరు ఆయిళ్ళు. కాబట్టి ఇంజన్ ఆయిల్లో పోసిన బాటిల్ క్లచ్‌ని తాకదు. ఇంతవరకు శుభం. కానీ ఆ బండి కారే చోట్లలో చాలావాటికి ఆ బాటిల్ చేరదు కూడా!

ఎడమవైపు పెద్ద కవరు కింద కారుతుంటే అది ప్రైమరీ ఆయిల్. ఆ కవరు మొత్తాన్ని పట్టి ఉంచేది మధ్యలో ఉండే ఒకే ఒక్క నట్టు, చుట్టూ ఓ రబ్బరు సీలు. లీకవుతోందని ఆ నట్టుని బలంకొద్దీ బిగిస్తే అల్యూమినియం కవరు వంగి లీకు ఇంకా పెరుగుతుంది. రబ్బరు మార్చి, కవరు అంచు గాజు పలక మీద పెట్టి సమంగా ఉందో లేదో చూసి, మామూలుగా బిగిస్తే చాలు. వెనక గేర్‌బాక్స్ దగ్గర చెమ్మ అయితే అది గేర్‌బాక్స్ గ్రీజు, ఆయిల్.

ఈ బుల్లెట్‌కి ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటుంది. దీని ఆయిల్ ఉండేది క్రాంక్ కేసులోనే వేరుగా ఉన్న ట్యాంకు గదిలో. బండి వారాల తరబడి కదలకుండా ఉంటే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా ఫ్లైవీల్ గదిలోకి దిగిపోతుంది. ఆ తరవాత కిక్ కొట్టగానే సైలెన్సర్లోంచి గుప్పున పొగ, బ్రీదర్ పైపులోంచి ఆయిల్. ఓనరు కంగారుపడి సీళ్ళన్నీ పోయాయనుకుంటాడు. ఏ సీలూ పోలేదు. ఫ్లైవీల్ గదిలో చేరిన ఆయిల్ తీసి, ట్యాంకు లెవెల్ చూసుకుని నడిపితే సర్దుకుంటుంది. ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ ఖాళీగా కనబడిందని ముందే కొత్త ఆయిల్ పోశారో, రెట్టింపు ఆయిల్ అయి అదంతా బ్రీదర్లోంచి మీ ప్యాంటు మీదికొస్తుంది.

యూసీఈ, ఆ తరవాతి ఇంజన్ల సంగతి వేరు. వాటిలో క్లచ్ ఇంజన్ ఆయిల్లోనే ఉంటుంది. వాటికి పైన చెప్పిన క్లచ్ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండ్లకి?

వీటిలో ఇంజన్ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. కింద ఉండేది గేర్ ఆయిల్, అందులోనే క్లచ్. బాటిల్ పోస్తే అక్కడే పోయాలి.

1985 నుంచి 1996 వరకు వచ్చిన ఆర్‌ఎక్స్ 100లు ఇప్పటికీ లక్షలు పెట్టి కొంటున్నారు కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. క్రాంకుకి రెండు వైపులా సీళ్ళుంటాయి. క్లచ్ వైపు సీలు పోతే క్రాంక్ కేసు గేర్ ఆయిల్‌ని లోపలికి పీల్చుకుంటుంది. పొగ ఆగకుండా వస్తుంది, నేల మీద చుక్క కూడా పడకుండా గేర్ ఆయిల్ తగ్గిపోతుంటుంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే ఆయిల్ బదులు గాలి లోపలికి దూరుతుంది. పెట్రోల్ పాలు తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది, ఐడ్లింగ్ తనంతట తానే పెరుగుతుంది, అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. ఆ వైపు సీలుకి గేర్ ఆయిల్ తగలనే తగలదు కాబట్టి గేర్‌బాక్స్‌లో ఏం పోసినా దానికి అందదు. క్రాంకు సీళ్ళ అనుమానం ఉంటే బాటిళ్ళతో కాలక్షేపం చేయకండి, పిస్టన్, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) ఖర్చు మీద పడుతుంది.

మైసూరులో తయారైన యెజ్డీలకి కిక్కు, గేరు రెండూ ఒకే రాడ్డు. ఒక షాఫ్టులోంచి ఇంకో షాఫ్టు వెళ్తుంది కాబట్టి కారడానికి చోట్లు కూడా ఎక్కువ. అసలు సీళ్ళు దొరకవని దిగులు పడక్కర్లేదు. సీలు మీద మూడు అంకెలు ఉంటాయి. 20-32-6 అని ఉంటే లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 32, మందం 6. ఆ కొలతతో అడిగితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కంపెనీ పేరుతో పని లేకుండా దొరికే అవకాశం ఉంది. అంకెలు అరిగిపోతే వెర్నియర్‌తో కొలిపించండి.

స్కూటర్లకి?

గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ పొడిగా, బెల్టు వైపు ఉంటుంది. క్లచ్ భయం లేదు. మోతాదు భయం ఉంది.

లీకు కనబడదు, సైలెన్సర్ నుంచి పొగ వస్తోంది, ఆయిల్ తగ్గుతోంది. దానికి పోయొచ్చా?

పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా కాస్త పొగ వచ్చి ఆగిపోతుంటే వాల్వ్ సీళ్ళు గట్టిపడి ఉండొచ్చు. అవీ రబ్బరువే కాబట్టి ఉబ్బించే రకం బాటిల్‌కి కొంత ఫలితం కనిపించే చోటు ఇది. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. ఇనుముకీ ఇనుముకీ మధ్య పెరిగిన సందుని ఏ మందూ తగ్గించదు, బోరు కొట్టించాల్సిందే.

పదిహేనేళ్ళు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళేముందు పొగ తగ్గడానికి బాటిల్ పోద్దామా అని కూడా అడుగుతుంటారు. పెట్రోల్ బండికి పొల్యూషన్ టెస్టులో చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. లోపల ఆయిల్ కాలుతుంటే హైడ్రోకార్బన్ల అంకె పెరుగుతుంది. చిక్కటి ఆయిల్‌తో కంటికి కనిపించే పొగ కొంచెం తగ్గుతుందేమో గానీ రెన్యువల్ అయ్యేది ఐదేళ్ళకి. ఐదేళ్ళు నడపాలనుకునే బండికి ఆ బోరు పనేదో చేయించెయ్యడం నయం.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నా. ఇలాంటివి పోసి అమ్ముతున్నారేమో ఎలా పట్టుకోవాలి?

అమ్మేవాడికి ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టే. డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య సాగదీయండి. మామూలు ఆయిల్ జారిపోతుంది, చిక్కబరిచే మందు కలిపింది తేనెలా తీగ సాగుతుంది. బండంతా దుమ్ముతో ఉండి ఇంజన్ కింద మాత్రం తళతళ మెరుస్తుంటే, లీకుని కడిగి పెట్టారని అర్థం. ఆ కబురు రేటు దగ్గర వాడుకోండి.

సింథటిక్ ఆయిల్ పోశాకే లీకు మొదలైంది. ఆయిల్ తప్పేనా?

తొలినాళ్ళ సింథటిక్ ఆయిళ్ళలో కొన్ని రబ్బరును కుంచించేవి. ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. ఇప్పటివాటిలో రబ్బరును సరిగ్గా ఉంచే పదార్థాలు కలిపే ఉంటాయి. మీ బండిలో జరిగింది బహుశా వేరు. ఏళ్ళ తరబడి సీలు చుట్టూ పేరుకున్న మడ్డి అడ్డుకట్టలా పనిచేస్తోంది. కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేసింది. సీలు పోయి చాలాకాలమైంది, బయటపడింది ఇప్పుడు.

చిక్కటి గ్రేడ్ ఆయిల్ పోస్తే?

చెమ్మ మాత్రమే ఉంటే ఒక మెట్టు చిక్కటిది, అదీ జాసో ఎంఏ ఉన్నది, ఎండాకాలంలో వాడి చూడటం బాటిల్ కంటే మంచి ప్రయోగం. 10డబ్ల్యూ-30 వాడే బండికి 20డబ్ల్యూ-40 దాకా సరే. కొత్త ఇంజన్లలో సందులు తక్కువ కాబట్టి వాటికి మాన్యువల్‌లో చెప్పిందే పోయండి.

బ్రేక్ ఆయిల్ రెండు మూతలు కలిపితే సీళ్ళు ఉబ్బుతాయని ఎవరో చెప్పారు.

దయచేసి చేయకండి. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. ఇంజన్ ఆయిల్‌తో కలవదు, నీటిని పీల్చుకుంటుంది, బేరింగుల మీద ఉండాల్సిన ఆయిల్ పొరని చెడగొడుతుంది. పెట్రోల్ ట్యాంకు చెమర్చితే సబ్బు ముక్క రుద్ది ఇంటిదాకా రావడం వేరు, అది నిజంగా పనికొచ్చే చిట్కా. ఇది ఆ కోవలోకి రాదు.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన పాత హోండాకి పోశాడు, బానే ఉంది అంటున్నాడు.

అయ్యుండొచ్చు. అక్కడ మెకానిక్ గంట కూలీకి ఇక్కడ సీలు పని మొత్తం చేయించి, కొత్త ఆయిల్ కూడా పోయించుకోవచ్చు. అంత కూలీ ఇవ్వాల్సిన చోట ముందు బాటిల్ పోసి చూద్దామనుకోవడంలో తెలివి ఉంది. యూట్యూబులో బాటిళ్ళ వీడియోలు ఎక్కువగా ఆ దేశాలవే, అవీ కార్లవే. వీధి చివర మెకానిక్ ఉన్న మనకి ఆ లెక్క సరిపోదు.

మరి ఎప్పుడు పోయొచ్చంటారు?

నాకు తెలిసి రెండు సందర్భాలు. ఒకటి, పోయింది రబ్బరు సీలేనని ఖాయంగా తెలిసి, అది మార్చాలంటే ఇంజన్ రెండుగా విప్పాల్సి ఉండి, లీకు కొద్దిపాటి చెమ్మే అయినప్పుడు. ఎలాగూ ఏడాది రెండేళ్ళలో ఇంజన్ పని చేయించాలనుకుంటే అప్పటిదాకా నెట్టుకురావడానికి. రెండు, ఏళ్ళ తరబడి మూలన పడున్న బండిని బయటికి తీసినప్పుడు. కదలిక లేక ఎండిపోయిన సీళ్ళు కొన్ని మామూలు కొత్త ఆయిల్లో కొన్ని వందల కిలోమీటర్లు నడిస్తేనే మెత్తబడతాయి. ముందు అది చూసి, అప్పటికీ తగ్గకపోతే బాటిల్ గురించి ఆలోచించండి. మీ తాతగారి బండి ఒరిజినల్ ఇంజన్ విప్పడం ఇష్టం లేదంటే అదీ నాకు అర్థమవుతుంది.

పోసేటప్పుడు కొత్త ఆయిల్లో పోయండి, పాత నల్లటి ఆయిల్లో కాదు. ఉబ్బించే రకమే, బైకులకి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. మీ ఇంజన్లో ఉన్న ఆయిల్‌ని బట్టి సిరంజితో కొలిచి, రాసిన మోతాదుకి కాస్త తక్కువే పోయండి. అది పోసినంత మేర ఆయిల్ తగ్గించి లెవెల్ సరిచూడండి. హోండా తరహా ఇంజన్లలో డిప్‌స్టిక్ బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడి మోసపోతారు.

పోసిన రోజే ఆగాలా?

ఆగదు. రబ్బరులోకి ఇంకడానికి టైం పడుతుంది, వేడెక్కి చల్లారే నడక కావాలి. తరవాతి ఆయిల్ మార్పు దాకా చూడండి. అప్పటికీ తేడా లేకపోతే ఆ లీకు బాటిల్ లీకు కాదు. మళ్ళీ పోయకండి.

కాస్త కారుతున్నా బండి నడపొచ్చా?

కారులో అరలీటరు ఆయిల్ తగ్గితే ఇంకా మూడు లీటర్లు ఉంటుంది. వంద సీసీ బైకులో అరలీటరు తగ్గితే సగం పోయినట్టు, ఇంజన్ పట్టేయడానికి ఎక్కువ దూరం అక్కర్లేదు. కాబట్టి కారే బండికి వారానికోసారి పెట్రోల్ కొట్టించినప్పుడు డిప్‌స్టిక్ చూడండి. సెంటర్ స్టాండ్ వేసి, నేల చదునుగా ఉన్నచోట. ఆయిల్ వెనక టైరు మీదికో, బ్రేక్ డ్రమ్ములోకో పోతుంటే మాత్రం ఇక నడపకండి. మొదటి వానకి, మలుపులో టైరు జారిందంటే సీలు ఖర్చు ఎవరికీ గుర్తుండదు.

మెకానిక్ ‘ఇంజన్ మొత్తం దించాలి, ఐదారు వేలవుతుంది’ అంటున్నాడు. నమ్మాలా?

ఏ సీలు పోయిందో వేలు పెట్టి చూపించమనండి. బయటినుంచే మారే సీలు అయితే ఇంజన్ ఎందుకు దించాలో అడగండి. క్రాంకు వైపు సీలో, రెండు కేసుల మధ్య ప్యాకింగో అయితే అతను చెప్పింది నిజమే. అప్పుడు ఒకసారి విప్పాక లోపలున్న సీళ్ళన్నీ, ఓ-రింగులన్నీ కలిపి మార్పించేయండి, రెండోసారి కూలీ మిగులుతుంది. కొత్త ప్యాకింగ్ వేసేచోట పాత ప్యాకింగ్ ముక్కలు బ్లేడుతో గీకకుండా మెల్లగా తీయమనండి, అల్యూమినియం మీద పడిన గీతే రేపటి లీకు. సీలెంట్ పల్చగా రాయించండి. లావుగా రాస్తే లోపలికి పిండుకుని, ముక్కలై ఆయిల్ జల్లెడ దగ్గర చేరుతుంది. పనయ్యాక పాత సీళ్ళు అడిగి తీసుకోండి.